పిల్లిపెసర మేసిన దుడ్డె

నా చిన్నప్పుడు మా ఇంట్లో పాలిచ్చే బర్రె ఒక్కటి కూడా ఉండేది కాదు. ఉన్నవన్నీ దున్నలే. చంపాపేట దాటి, కర్మన్‌ఘాట్ గుడి మీదుగా బడంగ్‌పేట వైపు పోయే మట్టిబాట పక్కన మాది రెండు గదుల ఇల్లు. నల్లగొండ దిక్కు నుంచి బతకడానికి వచ్చినవాళ్ళం. మా నాయన లారీ మీద పనికి పోయేవాడు. పెద్దనాయన నేను పుట్టకముందే పోయాడు. ఆయన భార్య, మా పెద్దమ్మ, మాతోనే ఉండేది. దున్నల పని మొత్తం ఆమెది.

అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల పాల వ్యాపారం చేసేవాళ్ళ బర్రెల కొట్టాలు చాలా ఉండేవి. ఆడదుడ్డె పుడితే వాళ్ళు మురిసిపోయేవారు. మగదుడ్డె పుడితే మొహం చిట్లించుకునేవారు. అది పాలివ్వదు, వాళ్ళకు దున్నే పొలం లేదు, అది తాగే పాలు కూడా దండగ అనిపించేది. అందుకని తల్లి దగ్గర రెండు చుక్కలు తాగనిచ్చి ఓ మూల కట్టేసేవారు. అట్లా డొక్కలెండిన దుడ్డెల్ని మా పెద్దమ్మ ఒక్కొక్కటే ఇంటికి తోలుకొచ్చేది. రెండేళ్ళో మూడేళ్ళో పెంచేది. వెన్ను మీద చెయ్యి పెడితే ఎముక తగలనంత కండ పట్టాక అంగడికి తోలేది. వాటిని కొనేది మాంసం దుకాణాలవాళ్ళే. అందులో దాచుకునేది ఏమీ లేదు, మేమూ దాచుకోలేదు. బతికినన్ని రోజులు వాటి కడుపు ఖాళీగా ఉండొద్దు, అంతే ఆమె పట్టుదల.

ఆ కడుపులు నింపేది మా ఇంటి వెనక బీడు. ఎవరో ఆసామిది, రాళ్ళున్నాయని దున్నకుండా వదిలేస్తే, మా పెద్దమ్మ అడిగి తీసుకుంది. తుమ్మకంపతో దాన్ని మూడు ముక్కలుగా దడి కట్టింది. ఒకదాంట్లో దున్నలు మేస్తే, ఇంకొకటి కోలుకుంటూ ఉండేది. మూడోది దసరా దాకా మూసే ఉంచేది. అందులో గడ్డి ఎదిగి, కంకి వేసి, గింజ నేల మీద రాలాకే కొడవలి పెట్టేది. ఆ ఎండుగడ్డి వాము మా దున్నలకు ఎండాకాలం అన్నం. ఏ ఏడు ఏ ముక్క మూయాలో ఆమెకే తెలుసు. కాగితం మీద ఏమీ రాసుకోలేదు, రాయడం రాదు కూడా.

అన్నిటికంటే కష్టమైన రోజులు తొలకరి పడ్డాక వచ్చేవి. వాము అడుగుకొచ్చి ఉంటుంది. నేలేమో పచ్చబడి ఉంటుంది. దూరం నుంచి చూస్తే ఆకుపచ్చ దుప్పటి పరిచినట్టుంటుంది, దగ్గరికి పోతే చిగురు వేలెడు కూడా ఉండదు. అది జానెడు ఎదిగేదాకా ఏ ముక్కలోకీ దున్నను తోలకూడదని ఆమె చట్టం. ఆ జాన కూడా ఆమెదే కావాలి. నేను నా చిన్న చెయ్యి పెట్టి కొలిచి "జానెడైంది పెద్దమ్మా" అంటే నవ్వి, తన చెయ్యి చాపి చూపించేది.

దున్నలకు ఈ చట్టం ఎవరు చెప్తారు? వాసన తగిలిందంటే దడి పక్కకు చేరి అరిచేవి. వాటిలో ఒకటి నెలరోజుల కిందటే కొట్టం నుంచి వచ్చిన దుడ్డె. అన్నిటికన్నా సన్నది, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. అది కంప సందులోంచి మూతి పెట్టి నాలుక చాపేది. చిగురు అందేది కాదు. నా వైపు చూసేది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అది నన్నే అడుగుతోందని నాకు గట్టి నమ్మకం.

ఆ రోజు పొద్దున మా పెద్దమ్మ తవుడు తేవడానికి చంపాపేటలోని గిర్నీకి పోయింది. మా నాయన రాత్రంతా లారీ మీద తిరిగి వచ్చి పడుకున్నాడు. అమ్మ బావి దగ్గర బట్టలు ఉతుకుతోంది. దున్నల్ని చూడమని నన్ను కూర్చోబెట్టారు. నేను చూస్తూ చూస్తూ లేచి, రెండు చేతులా కంప పట్టి లాగి, ఆ ఒక్క దుడ్డెను లోపలికి వదిలాను.

అది తింటుంటే చూడాలి! తుమ్మచెట్ల నీడన మాత్రం, పశువులు ఇష్టంగా మేసే పిల్లిపెసర తీగ వానకు గుబురుగా అల్లుకుంది. ఆకుల మీద ఇంకా నీళ్ళున్నాయి. దుడ్డె తల పైకెత్తకుండా మేసింది. దాని పక్కనే కూర్చుని నేను కూడా తీగ పీకి పిడికిళ్ళతో దాని నోటికి పెట్టాను. ఎంతసేపు పెట్టానో తెలియదు. ఎండ చురుక్కుమన్నాక భయమేసి బయటికి తోలి, కంప మళ్ళీ లాగి పెట్టాను. పెద్దవాళ్ళు పెట్టినట్టు కుదరలేదు.

కాసేపటికి దుడ్డె పడుకుంది. లేచింది. మళ్ళీ పడుకుంది. వెనక కాలితో కడుపు తన్నుకోవడం మొదలుపెట్టింది. ఎడమ డొక్క కుండ బోర్లించినట్టు పైకి లేచింది, నోటి వెంట నురగ. నా అరుపుకు నాయన లేచి వచ్చాడు, అమ్మ తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది, పక్కింటి తాత కూడా కర్ర ఊపుకుంటూ వచ్చాడు.

"గింత సన్న దుడ్డెకు గంత పెద్ద కడుపు ఏడికెల్లి వచ్చెరా?" అన్నాడు తాత.

"నువ్వు ఊకో తాతా," అని నాయన నా వైపు తిరిగాడు. "ఏం తిన్నదే ఇది?"

"తెల్వది నాయినా."

"కంప ఎవరు తీసిండ్రు? చెప్పు. ఎవరు తీసిండ్రో వాళ్ళ చేతులు ఇరగ్గొడ్త."

"తెల్వది."

ఆ రెండో 'తెల్వది' నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ గుర్తు.

నాయన వంకరగా ఉన్న కంప చూశాడు. దాని అవతల పక్కవాళ్ళ జొన్నచేను చూశాడు. ఆ చేను ఎప్పుడో కోశారు. మిగిలిన మోళ్ళు వానకు మళ్ళీ పిలకలు వేశాయి. ఎండకు సగం వాడిన జొన్న పిలకలో విషం ఉంటుందని మా దిక్కు పిల్లలక్కూడా తెలుసు. అది తిన్న పశువును కదిలించొద్దు, నడిపిస్తే గుండె ఆగిపోతుంది అంటారు. మామూలు పచ్చిమేత ఉబ్బరమైతే పద్ధతి పూర్తిగా వేరు. వెంటనే లేపి నిలబెట్టి నడిపించాలి, పడుకోనిస్తే పొట్టలో గాలి గుండెను నొక్కి చంపేస్తుంది. ఒకదానికి చేసేది ఇంకొకదానికి చేస్తే దుడ్డె పోయినట్టే.

"జొన్నల పడ్డది," అన్నాడు నాయన. "ఇగ దీన్ని ఎవ్వరు ముట్టొద్దు. బెల్లం నీళ్ళు తే."

అది జొన్నలోకి పోలేదని ఆ జాగాలో తెలిసింది నాకొక్కదానికే. చెప్పాలని నోరు తెరిచాను. నాయన చేతుల దిక్కు చూసి మూశాను. దుడ్డె మెడ చాచి నేల మీద పడి ఉంది. డొక్క ఇంకా లేస్తోంది.

అప్పుడు వచ్చింది మా పెద్దమ్మ, నెత్తిన తవుడు మూటతో. మూట కింద పడేసి, దుడ్డె పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. డొక్క మీద వేళ్ళతో కొట్టి విన్నది. కనురెప్ప ఎత్తి చూసింది. జొన్నలో పడ్డదని నాయన చెప్పాడు. ఆమె కంప వైపు చూసింది, తరువాత నా వైపు చూసింది.

"నువ్వు సైకిలేసుకొని పశువుల డాక్టర్ను తోల్కరాపో," అన్నది నాయనతో. "చెల్లే, నువ్వు పల్లినూనె తే, అల్లం, ఓమ దంచు. తాతా, మీ ఇంట్ల వెదురుగొట్టం ఉండాలె, జర తెచ్చిస్తవా?"

ముగ్గురూ మూడు దిక్కులకు పోయారు. దుడ్డె దగ్గర మేమిద్దరమే మిగిలాం. ఆమె నన్ను దగ్గరికి లాక్కుని, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"పొద్దున తొందరల నేనే కంప సరిగ్గ పెట్టలే బిడ్డా," అన్నది. "తప్పు నాదే. మీ నాయినకు నేనే చెప్త. గని నేను ఈడ లేకపోతిని. నువ్వు ఉన్నవ్ గద. అది జొన్నల దిక్కు పోయిందా, మన గడ్డిలనే మేసిందా? నువ్వు చెప్తెనే నాకు తెలుస్తది."

ఆమె కంప ఎంత గట్టిగా పెట్టి పోయిందో నాకు తెలుసు. దాన్ని లాగింది నేనే కదా! అయినా ఆ మాట వినగానే నా గొంతు మీద నుంచి ఎవరో చెయ్యి తీసినట్టైంది.

"జొన్నల పోలే పెద్దమ్మా. పిల్లిపెసర తిన్నది."

"ఒక్కసారి గూడ పోలే?"

"పోలే. నేను పక్కనే కూసున్న."

"ఎంత తిన్నది?"

"మస్తు తిన్నది." తరువాతి మాట నేను అననేలేదు, అదే బయటికి వచ్చింది. "నేనే పెట్టిన."

ఆమె నన్ను తిట్టలేదు, మెచ్చుకోలేదు. లేచి కొంగు నడుముకు బిగించింది. "అయితె ఇది లేవాలె. తోక పట్టు, నేను ముందట పడ్త."

ఇద్దరం కలిసి లేపాం. ఎట్లా లేపామో చెప్పలేను. నాకంటే నాలుగింతలు బరువు ఉండి ఉంటుంది. అమ్మ నూనె తెచ్చింది. నోట్లో అడ్డంగా కర్ర పెట్టి, నాలుక ఆడేటట్టు తాడుతో చెవుల వెనక కట్టారు. తాత తెచ్చిన గొట్టంతో నూనె, అల్లం రసం కొద్దికొద్దిగా పోశారు. రాళ్ళ కుప్ప మీద ముందుకాళ్ళు పెట్టించి, ఎడమ డొక్కను పెద్దమ్మ రెండు అరచేతులతో రుద్దింది. తరువాత నడిపించడం. ఇంటి చుట్టూ ఒకటో చుట్టు, రెండో చుట్టు. మూడో చుట్టులో దుడ్డె ఆగిపోయింది. మోకాళ్ళు వంచింది. అయిపోయిందనుకుని నేను కళ్ళు మూసుకున్నాను.

అప్పుడు తేన్చింది. ఎంత పెద్ద తేన్పో! ఆ వాసనకు అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. తాత రెండడుగులు వెనక్కి వేసి, "గీ చప్పుడు కర్మన్‌ఘాట్ గుడి దాక ఇనబడ్డదే!" అన్నాడు. అందరం ఏడుపూ నవ్వూ కలిపి నవ్వాం. దుడ్డె ఇంకో రెండుసార్లు తేన్చి, చెవులు ఆడించింది.

నాయన డాక్టరును తీసుకుని వచ్చేసరికి అది నిలబడి ఉంది. డాక్టరు అన్నీ చూసి, ఏదో మందు తాగించి, పడుకోబెట్టి ఉంచితే దక్కేది కాదని చెప్పి పోయాడు. నాయన మొహం చిన్నబోయింది. ఆ వెంటనే మళ్ళీ అడిగాడు, "ఇంతకు కంప తీసిందెవరు?"

"నేనే," అన్నది పెద్దమ్మ. "ఇరగ్గొడ్తవా నా చేతులు?"

"నువ్వు పెట్టిన కంప గాలిదుమారానికి గూడ కదలది వదినా," అన్నాడు నాయన మెల్లగా. నా వైపు ఒకసారి చూసి, సైకిల్ గోడకు ఆనించి లోపలికి పోయాడు.

పొద్దుగూకేముందు పెద్దమ్మ నన్ను గడప మీద కూర్చోబెట్టి చెయ్యి చాపమంది. అరచేతిలో తుమ్మముల్లు విరిగి ఉంది. మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకున్నప్పుడే ఆమె దాన్ని చూసిందన్నమాట. పిన్నీసుతో ముల్లు తీస్తూ, ఎటో చూస్తూ అన్నది.

"జానెడు దాక ఆగాలె అని చెప్పిన గని, ఎందుకు ఆగాల్నో నీకు ఎన్నడు చెప్పలే. అండ్ల నా తప్పు గూడ ఉన్నది బిడ్డా."

అప్పుడు చెప్పింది. నెలలకొద్దీ ఎండుగడ్డి తిన్న పొట్ట తడి పచ్చిమేతను ఒక్కసారిగా తట్టుకోలేదట. ముందు కొంచెం ఎండుగడ్డి వేసి, కడుపు సగం నిండాక పచ్చిక చూపించాలట. గడ్డికి కూడా అంతేనట. వేలెడు ఉన్నప్పుడు కొరికేస్తే, వేరు పట్టేందుకు దానికి బలం చాలదట. "దుడ్డెకు తొందర, గడ్డికి నిదానం. నడుమ ఉన్నోళ్ళం మనం గద," అన్నది.

మరునాడు ఆ మేసిన చోట నాతోనే కంప పెట్టించింది. వాము అడుగున రాలిన గడ్డిగింజ ఊడ్చి తెచ్చి నాతోనే చల్లించింది. ఆ వానాకాలమంతా రోజూ పోయి చూసుకునేదాన్ని. చుట్టూ గడ్డి నా నడుము దాకా వచ్చినా అక్కడ మోకాలి దాకానే వచ్చింది. కానీ వచ్చింది. కంకి కూడా వేసింది. ఆ దుడ్డె రెండేళ్ళలో నిగనిగలాడే దున్నైంది. దాన్ని అంగడికి తోలిన రోజు నేను ఏడిస్తే, మా పెద్దమ్మ ఏడవొద్దని అనలేదు. నా పక్కన కూర్చుంది.

ఆ బీడు మీద ఇప్పుడు ఐదంతస్తుల ఇళ్ళు లేచాయి. నేను ఎల్బీనగర్‌లో కొడుకూ కోడలి దగ్గర ఉంటున్నాను. పశువు ముఖం చూసి ఎన్నాళ్ళో అయింది. కానీ మా పెద్దమ్మ అడిగిన పద్ధతి నా దగ్గరే ఉండిపోయింది. పిల్లల్ని పెంచినప్పుడు, పాలు పొంగిపోయినా, బండి గుద్దుకుని వచ్చినా, నేను ముందు అడిగేది ఎవరు చేశారని కాదు.

మొన్నామధ్య మా ఇంట్లో పెద్ద గొడవ. నా బీపీ గోలీల డబ్బా నేల మీద బోర్లా పడి ఉంది, రెండేళ్ళ మనవడు పక్కన కూర్చుని మూతి తుడుచుకుంటున్నాడు. గోలీలు ఎవరు కిందపడేశారని నా కొడుకు కేకలు, ఎన్ని మింగాడో అని కోడలి ఏడుపు. వాడి అక్క, ఆరేళ్ళది, తలుపు వెనక నిలబడి "నాకు తెల్వదు" అంటోంది. ఆ గొంతు నాకు బాగా తెలుసు. కొడుకును ఆటో పిలవమన్నాను, కోడల్ని వాడి నోరు కడగమన్నాను. పిల్ల దగ్గరికి పోయి కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"మూత నేనే సరిగ్గ పెట్టలే బిడ్డా. నాదే తప్పు. తమ్ముడు ఎన్ని మింగిండో నువ్వు చూసినవా?"

"ఒక్కటే నానమ్మా," అన్నది. "చప్పరిచ్చి ఉమ్మిండు. నేను మంచం కిందికి నూకేసిన."

మంచం కింద దొరికింది, సగం కరిగి. అయినా దవాఖానకు తీసుకుపోయాం. ఒక పూట ఉంచుకుని చూసి, ఏమీ లేదని పంపించారు. వాడు ఆటోలోనే నిద్రపోయాడు, వాడి అక్క నా ఒళ్ళో.

మూత ఎవరు తీశారో నేను అడగలేదు. అడగను కూడా.