ముత్తవ్వ పేరు కోసం మూడు ఊళ్ళు

ఆ రోజుల్లో మదనపల్లెలో బి.ఏ. పాసైనవాణ్ణి ఏం చేయాలో ఎవరికీ తెలిసేది కాదు, పాసైనవాడికి అసలే తెలిసేది కాదు. నా విషయంలో మా నాయనకు మాత్రం సందేహం లేదు. టమాటా మండీలో గుమాస్తా పని ఖాళీగా ఉంది, నేను అందులో చేరాలి. నాకు మండీ అంటే భయం. వాసన వల్ల కాదు, అక్కడ ఒకసారి కూర్చున్నవాడు మళ్ళీ లేవడం నేను చూడలేదు. అందుకని విశ్వవిద్యాలయం నుంచి దరఖాస్తు తెప్పించుకుని, మిగతా వాటికి నా మార్కులు చాలవు గనక, మానవశాస్త్రం ఎం.ఏ. అన్నచోట టిక్కు పెట్టాను. అదేమి చదువని నాయన అడిగితే మనుషుల గురించి చదవడమని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "మనుషుల గురించి తెలుసుకునేదానికి కాలేజీ యాల? మండీలో కూసుంటే సాలదా?" అన్నాడు. (ఇప్పుడనిపిస్తుంది, ఆ మాటలో శాస్త్రం లేకపోలేదు.) సోమవారం లోపల దరఖాస్తు పోస్టులో పడితే చదువు, పడకపోతే మండీ అని చివరికి ఒప్పందం కుదిరింది.

దరఖాస్తుతో పాటు సొంత వంశవృక్షం గీసి పంపాలి. నాలుగు తరాలు. మగవాళ్ళకు త్రికోణం, ఆడవాళ్ళకు సున్నా, ఒక్కొక్కదాని కింద ఒక్కొక్క పేరు. ఒక్క పేరు తక్కువైనా దరఖాస్తు చెల్లదని కింద అచ్చు వేశారు. ఒక సున్నా తప్ప అన్నీ శుక్రవారం సాయంత్రానికి నింపేశాను. ఆ సున్నా మా ముత్తవ్వది, అంటే మా నాయనకు నాయన అయిన అబ్బను కన్నతల్లిది. అబ్బ అప్పటికే లేడు. నాయన పుట్టక ముందే ఆమె పోయింది కాబట్టి ఆయనకు తెలియదు. తెలిసిన మనిషి మా ఇంట్లోనే ఉంది. మా జేజి, అబ్బ భార్య, ముత్తవ్వకు పెద్ద కోడలు. అడిగితే చేటలో కందులు చెరుగుతూనే తల అడ్డంగా ఊపింది. "అత్త పేరు కోడలు తీస్తాదా? కండ్లు పోతాయి." పోనీ చెవిలో చెప్పమన్నాను. దేవుడికి చెవుడనుకున్నావా అని అడిగింది. పుంగనూరులో మా చిన్నబ్బ ఉన్నాడు, అబ్బ తమ్ముడు, ముత్తవ్వ కన్నకొడుకు, పోయి ఆయన్ను అడగమంది.

శనివారం పొద్దున్నే పుంగనూరు బస్సెక్కాను. చిన్నబ్బ కొట్టంలో పొట్టి ఆవుకు ఒళ్ళు రుద్దుతున్నాడు. నా ప్రశ్న విని, వీడికి చదువెక్కువై ఏదో అయిందన్నట్టు చూశాడు. "అమ్మను అమ్మా అంటాము. పేరు పెట్టి పిలస్తామా?" మరి మీ నాయన ఏమని పిలిచేవాడని అడిగాను. "ఇదో అనేవాడు. ఆయమ్మ పలికేది." ఇంత దూరం వచ్చిన పిల్లవాడు ఊరికే పోతాడేమోనని పాపం ఆయనకు అనిపించినట్టుంది, ఆవు వంశం చెప్పసాగాడు. ఇది చిట్టి, దీని తల్లి పుల్లి, పుల్లి తల్లి గంగి, గంగి తల్లి గౌరి. అలా వెనక్కి వెనక్కి పోయి, ఎక్కడా తడుముకోకుండా, వాళ్ళమ్మ కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి వెంట తోలుకొచ్చిన వెంగమ్మ దగ్గర ఆగాడు. ఆ పేరు అమ్మ పుట్టింటివాళ్ళు పలుకుతుంటే విని ఊరంతా పట్టుకుందట. వాళ్ళ నాయన మాత్రం ఆ ఆవును కూడా ఇదో అనే పిలిచేవాడట. ఆయన ఇదో అంటే వాకిట్లో ఇద్దరూ తిరిగి చూసేవారట. నేను బస్సు తప్పిపోతుందేమోనని గడియారం చూసుకుంటూ ఊకొట్టాను. (మానవశాస్త్రంలో సీటు కావాలనుకున్నవాడి శ్రద్ధ అది.)

పలమనేరులో బస్సు మారి కుప్పం చేరాను. అక్కడ మా మేనత్త ఉంది, నాయన చెల్లెలు. నా అసలు ఆశంతా ఆమె మీదే, ఎందుకంటే ఆమెకు ముత్తవ్వ పేరే పెట్టారని ఇంట్లో అందరికీ తెలుసు. కానీ తన అత్త పేరు పెట్టిన పిల్లను జేజి ఆ పేరుతో పిలవకూడదు, తిట్టనూ కూడదు, అందుకని పాపమ్మ అంది. ఊరూ అదే అంది. ఓటర్ల జాబితాలోనూ పాపమ్మే. నీ అసలు పేరేమిటత్తా అని అడిగాను. మేనత్త రాగిముద్ద నా పళ్ళెంలో వేస్తూ తీరిగ్గా చెప్పింది.

"నాకూ ఒక పేరుండాదని తెలుసప్పా. పెండ్లిలో అయ్యవారు సెప్పినాడు. అదే టయానికి గట్టిమేళం వాయించినారు. ఇనపడలా."

తర్వాత ఎవరినీ అడగలేదా అన్నాను.

"యాల? పాపమ్మా అంటే పలకతాండాను గదా."

మామ వైపు తిరిగాను. తానూ ఆ మేళం పక్కనే కూర్చున్నానని ఆయన గుర్తుచేశాడు.

ఆదివారం మధ్యాహ్నం ఇల్లు చేరి అంతా చెప్పాను. నాయన సానుభూతితో విని, రేపు మండీకి ఏ చొక్కా వేసుకుంటావని అడిగాడు. అప్పుడు నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. మన ఇంట్లో మనిషి పేరు ఒక్కరికీ తెలియదు, ఆవుల పేర్లు మాత్రం అన్నీ తెలుసని, చిన్నబ్బ గొంతుతో, చేతులు తిప్పుతూ ఆ వంశమంతా అప్పజెప్పాను. చిట్టి, పుల్లి, గంగి, గౌరి అంటూ పోయి చివరికి వెంగమ్మ అన్నాను. గోడకు ఆనుకుని కూర్చున్న జేజి గబుక్కున లేచి నిలబడింది. కొంగు తలమీదికి లాక్కుంది.

"పెద్దోళ్ళ పేరు అట్లా ఎగతాళిగా తీస్తారేమిరా?" అంది.

అప్పుడు తట్టింది నాకు. పుట్టింటివాళ్ళు వెంగమ్మ ఆవు అన్నారు. అంటే వెంగమ్మది అని. ఊరు దాన్ని ఆవు పేరనుకుంది. సొంత కొడుకు తల్లి పేరును డెబ్బై ఏళ్ళు కొట్టంలో పెట్టుకుని కాపాడాడు, ఎవరిదో తెలియకుండా. నేను కలం తీసుకుని సున్నా కింద వెంగమ్మ అని రాశాను. నాయన మెల్లగా, "అయితే సెల్లెలు గూడా వెంగమ్మేనా?" అన్నాడు. జేజి తలమీది కొంగు దించలేదు.

ఇంటర్వ్యూలో ముగ్గురు ప్రొఫెసర్లు. ఈ ఒక్క పేరు వేరే సిరాతో ఉందేమని ఒకాయన అడిగాడు. జరిగింది చెప్పాను. వాళ్ళు నవ్వడం ఆగాక రెండో ఆయన, ఆవు కూడా దరఖాస్తు చేసి ఉంటే సీటు దానికే వచ్చేదని అన్నాడు. చేయలేదు గనక నాకు వచ్చింది. ఆ తర్వాత, పేర్లు పలకకూడని ఆచారం గురించి పిల్లలకు చాలా ఏళ్ళు పాఠం చెప్పాను. వెంగమ్మ ఆవు కథ చెప్పినప్పుడల్లా క్లాసు నవ్వేది, నేనూ నవ్వేవాణ్ణి, ఇలాంటి మనుషులు ఒకప్పుడు ఉండేవారన్నట్టు.

పోయిన ఏడాది నా భార్య పోయింది. పెద్దకర్మ రోజు అయ్యవారు నీళ్ళు వదలమని, ఆమె పేరు చెప్పమన్నాడు. నోరు తెరిచాను. నలభై ఏళ్ళుగా పిలిచిన పిలుపే నాలుక మీదికి వచ్చింది. ఇదో. ఆ పిలుపుకు నీళ్ళు వదలరు. అయ్యవారు ఎదురుచూస్తున్నాడు. తల్లి పేరు తెలియని చిన్నబ్బలా నిలబడ్డాను. పక్కనుంచి మా అమ్మాయి మెల్లగా, "సుగుణ" అంది.

ఆ రోజు మేళం లేదు. స్పష్టంగా వినపడింది.