వేలిగీతలు తిన్న వత్తులు

ఆ రోజుల్లో నేనెవరినో చెప్పడానికి కాగితాలు అక్కర్లేదు, "వత్తుల అవ్వ మనవరాలు" అంటే రాయచూరులో మా వీధంతా గుర్తుపట్టేది. బడికి పోకుండా నాన్న దగ్గరే చదువుకున్నదాన్ని, నా పేరున్న కాగితం ఒక్కటీ లేదు. సరిగ్గా అప్పుడే సర్కారు అందరికీ గుర్తింపు కార్డులు మొదలుపెట్టింది. అది లేనిదే పదో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కూర్చోనివ్వమన్నారు. దరఖాస్తుకు గడువు ఇరవై రోజులే.

పరీక్ష గట్టెక్కిస్తే లక్ష వత్తులు వెలిగిస్తానని దేవసూగూరు స్వామికి అప్పటికే మొక్కుకున్నాను. (భక్తి కన్నా లెక్కల భయమే ఎక్కువని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.) మూడు నెలలుగా వేళ్ళకు విభూతి అద్దుకుని పత్తి పేనడమే పని. తీరా కార్డుల శిబిరంలో మిషన్ మీద వేళ్ళు పెడితే ఎర్రదీపం!

"ఏందమ్మా, వేళ్ళకు గీతలే లెవ్వు! ఇంట్ల ఏం పని చేస్తవు?" అన్నాడు మిషన్ దగ్గరి అన్న.

"వత్తులు చేస్తనన్నా. డెబ్బై అయిదు వేలయినయి."

"పదైదు రోజులు పత్తి ముట్టకు. గీతలొచ్చినంక రా."

మొదలుపెట్టాక మధ్యలో ఆపితే మొక్కు చెడుతుందంటారు, పత్తి ముట్టుకుంటే పరీక్ష పోతుంది. ఇంటికొచ్చి ఏడుస్తూ కూర్చున్నాను. "పరేషాన్ గాకు పిల్లా, మిగిలినవి నేను చేస్త," అంది అవ్వ.

"మొక్కు నాది గదా అవ్వా, స్వామి ఒప్పుకుంటడా?"

"ఆయన నీ వేలిముద్ర అడుగుతడా ఏంది?"

పదహారో రోజు అవ్వతో మళ్ళీ వెళ్ళాను. నా వంతు రాగానే, మంచి జరగాలని అవ్వ కొంగుముడిలోని విభూతి పదివేళ్ళకూ అద్దుకుని మిషన్ అద్దం మీద పెట్టాను. అద్దమంతా తెల్లబడింది. "అమ్మా, మిషన్‌కు పూజ చేస్తున్నవా?" అంటూ ఆ అన్న తన రుమాలుతో అద్దం తుడిచి, నన్ను వేళ్ళు కడుక్కు రమ్మన్నాడు. ఈసారి పచ్చదీపం వెలిగింది. అక్కడే చేతులు జోడించాను, ఎవరికో తెలియదు.

తర్వాత అవ్వ వంతు. ఒక్క వేలూ పడలేదు. ఆ పదిహేను రోజుల్లో నా పాతిక వేల వత్తులూ ఆ వేళ్ళే పేనాయి మరి! "కండ్లు సాలు లే అవ్వా," అని ఆ అన్న ఆమె కళ్ళ ఫొటో మాత్రం తీసుకున్నాడు.

"కండ్లు జూసి గుర్తువడుతదా? మంచి మిషనే!" అంది అవ్వ, బోసినోటితో నవ్వుతూ.

పరీక్ష గట్టెక్కింది, లెక్కలతో సహా; లక్ష వత్తులూ స్వామి ముందు వెలిగాయి. వత్తులు పేనడం నేనింకా మానలేదు, అందుకే ఇప్పుడు రేషన్ కొట్టులో మిషన్ నా బొటనవేలిని రెండు మూడు సార్లు వద్దంటుంది. కొట్టాయన విసుక్కుంటాడు. నేను మాత్రం నునుపెక్కిన ఆ వేలిని చూసుకుని, అవ్వ చెయ్యి నాకొచ్చిందని నవ్వుకుంటాను.