తోకొక్కటే గుర్తు కాదు

పోయిన మంగళవారం వినుకొండలో మన మాష్టారు పోయారు. రిటైరయ్యాక కూడా ఆదివారాలు కాలేజీ గదిలో మనకి ఊరికే జీవశాస్త్రం చెప్పేవారు. ఇక చెప్పేవాళ్ళు లేకపోతే నెలాఖరుకి గది తాళం ఇచ్చెయ్యమన్నారు కాలేజీవాళ్ళు. అందుకే, ఆయన దగ్గర చదివిన మీ అందరికీ ఇప్పుడే రాస్తున్నాను.

మా ఇంట్లో బడికెళ్ళిన మొదటిదాన్ని నేను. బయటి కబురుని కణం లోపలికి చేర్చే జి-ప్రోటీన్ల పాఠం మొదలైన రోజు లేచి, "మిరపకాయ మంట కూడా వీటి పనేనండీ!" అన్నాను.

"మిరప కోసే ఇంటి పిల్లవి, నీకన్నిట్లో మిరపకాయే కనపడుద్ది!" అని నవ్వారు. "కాదమ్మా. ఆ ఘాటు నరాల కణం గేటుని నేరుగా తెరుస్తుంది. మధ్యవర్తితో పనిలేదు."

తర్వాత మధ్యవర్తుల సంగతి చెప్పారు. అడ్రినలిన్ కణంలోకి రాదు, పైపొరలోని రిసెప్టర్‌ని పట్టుకుంటుంది. అప్పుడు రిసెప్టర్ లోపలివైపు కాస్త విచ్చుకుంటుంది. ఆ సందులోకి జి-ప్రోటీన్ తోక దూరుతుంది. గుండెలో ఉన్న రిసెప్టర్ ఒక రకం జి-ప్రోటీన్‌ని ఎంచుకుంటే, రక్తనాళం గోడలోది ఇంకో రకాన్ని ఎంచుకుంటుంది. ఎలా గుర్తుపడతాయని పరీక్షలో అడిగారు. తోకని బట్టి అని రాశాను. సగం మార్కులే వేశారు. అలిగి ఒక ఆదివారం వెళ్ళలేదు.

ఆయనే మా మిరప కల్లానికి వచ్చారు. అమ్మ పనికిరాని తాలుకాయలు ఏరి పక్కన పడేస్తోంది.

"రంగు చూసి ఏరతారా అమ్మా?"

"రంగొక్కటే చూస్తే మోసపోతాం సారూ. తొడిమ చూడాల, నొక్కి చూడాల, బరువు చేతికి తెలియాల. కొన్ని కాయలు ఏ కుప్పలో వేసినా చెల్లుతయ్యి."

మాష్టారు నావైపు తిరిగారు. "విన్నావా? ఆ మిగతా సగం మార్కులు మీ అమ్మకి."

తోక ముఖ్యమే, కానీ రిసెప్టర్ లోపలి మడతలు, జి-ప్రోటీన్ ఒంటి మీది మరికొన్ని చోట్లు కూడా కుదరాలని అక్కడే, మిరప రాశి పక్కన కూర్చుని చెప్పారు. కొన్ని రిసెప్టర్లు రెండు మూడు రకాలతోనూ కలుస్తాయట. "అంతా తేలిపోయిందనుకోకు, నీకూ పని మిగిలే ఉంది" అన్నారు.

ఇప్పుడు పీజీ చదువుతున్నాను. ఇంటికొస్తే తిన్నావా అని అందరూ అడుగుతారు. ఏం చదివావని అడిగేది ఆయనొక్కరే.

మీలో నలుగురు నెలకో ఆదివారం వచ్చి పాఠం చెబితే గది నిలుస్తుంది. నిన్న ఒక్కదాన్నే తెరిచి, ఖాళీ బల్లలకి పాఠం చెప్పి చూశాను. రోడ్డు మీద మిర్చి బస్తాల లారీ పోయింది. వరసగా మూడు తుమ్ములు వచ్చాయి. "చిరంజీవ" అనడానికి గదిలో ఎవరూ లేరు.

వస్తారో రారో ఇరవయ్యో తేదీలోగా ఒక్క ముక్క రాయండి.