గర్భసంచిని కాపాడిన సూది

పొద్దున సర్కారు ఆసుపత్రిలో సంతకం పెట్టి, రోడ్డు దాటి సొంత నర్సింగ్ హోములో కూర్చోవడాన్ని పెద్ద కాగితాల్లో ప్రైవేటీకరణ అంటారు. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఎందరు సర్కారు డాక్టర్లు అలా రోడ్డు దాటారో తేల్చడానికి 2003లో డాక్టర్ రేవతి ఊరూరా తిరిగింది. ఆమె చదివింది ప్రజారోగ్యం. నాడి పట్టదు, ప్రశ్నలడుగుతుంది. జనం దృష్టిలో అది వైద్యం కాదు, జనాభా లెక్క.

పుంగనూరు పక్క పల్లెలో గంగులమ్మ ఇంట్లో ఆమె కలం ఆగింది. గంగులమ్మకు ముప్పయ్యేళ్లు. నడుము నొప్పి, తెల్లబట్ట. గర్భసంచి తీసేయాలని నర్సింగ్ హోములో చెప్పారు. శుక్రవారమే ఆపరేషన్.

రేవతి స్కానింగు చూసింది. సంచి నిక్షేపంగా ఉంది.

“వారం రోజులు మాత్రలు మింగితే పోతుందమ్మా. సర్కారు ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు.”

“ఊరికే ఇచ్చే మాత్రకు పోయేదైతే ఆ డాక్టరప్ప అన్ని ఫోటోలు యాల తీస్తాడమ్మా? సంచి ఉంటే క్యాన్సర్ వస్తాదంట.”

“తల ఉంటే తలనొప్పి వస్తుంది. తీయించుకుంటావా?”

“తీసినా తేడా తెలీదంటాడులే మా ఇంటాయన.”

వాకిట్లో ఆటో రాజగోపాల్ పకపకా నవ్వాడు. ఆపరేషన్‌కు మనిషిని చేరిస్తే అతనికి వాటా ముడుతుంది. “ఈయమ్మ రాసుకునే డాక్టరు గంగులక్కా. కోసే డాక్టరు వేరే. శుక్రవారం ఏడుకంతా తయారుగా ఉండు.”

గంగులమ్మ గొంతు తగ్గించింది. “నిజంగా డాక్టరైతే ఒక సూదన్నా ఎయ్యలేదే నువ్వు?”

అనవసరపు సూదుల మీద రేవతి అప్పటికే నలభై పేజీలు రాసింది. మొన్ననే మదనపల్లెలో గంటసేపు ఉపన్యాసం కూడా ఇచ్చింది. అయినా రాజగోపాల్ ఆటోలోనే పుంగనూరు పోయి మాత్రలతోపాటు ఒక బలం సూది కొనుక్కొచ్చింది. నాడి పట్టింది, నాలుక చూసింది, మొహం గంభీరంగా పెట్టి నడుము కింద పొడిచింది.

“ఈ సూది పనిచేయాలంటే మాత్రలు తప్పకూడదు. కత్తి తగిలితే దీని పవరంతా పోతుంది.”

“సురుక్కుమన్నాది. మంచి సూదేనమ్మా,” అంది గంగులమ్మ తృప్తిగా.

శుక్రవారం ఆటో వస్తే ఆమె ఆవు పొదుగు కడుగుతూ, “సూదేసుకున్నా గదప్పా, పో” అని పంపేసింది.

రాజగోపాల్ నేరుగా పుంగనూరు బస్టాండుకొచ్చాడు. రేవతి కుప్పం బస్సు కోసం నిలబడి ఉంది.

“అమ్మా, ఇంకా నలుగురు ఆడోళ్లు ఉండారు. సోమవారం కోతకు పోవాల్సినోళ్లు. ఇప్పుడు ఆ సూదే కావాలంటాండారు. తలకు నాకెంతిస్తావు?”

కుప్పం బస్సు వచ్చి నిలబడింది. రేవతి దాన్ని పోనిచ్చి ఆటో ఎక్కింది. దారిలో బేరమాడింది.