పక్క కణానికి కబురు

ప్రేమలత నరసరావుపేటలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతుంది. ఆమెది ఎడమచేతి వాటం. ఎడమ రొమ్ముకు క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక ఆ చెయ్యి పైకి లేవక, కుడిచేత్తో బోర్డు కింది సగంలోనే వంకర అక్షరాలు రాస్తోంది. పైమూల తారీఖు పిల్లలే వేస్తున్నారు. ఆ రోజు తారీఖు ఇంకా ఎవరూ వేయకముందే ముసలి కణాల సంగతి వచ్చింది. విభజన మానేసినా అవి పక్క కణాలకు కబుర్లు పంపుతూనే ఉంటాయనీ, ఆ కబుర్లతో ఒక్కోసారి క్యాన్సర్ పెరుగుతుందనీ చెప్పింది.

మిరప రైతు కూతురు లిఖిత లేచింది. "కల్లంలో తాలుకాయల్లాగా అన్నిట్నీ ఏరి పారేస్తే పోద్దిగా మేడం?"

"నేనూ డాక్టర్ని అదే అడిగానమ్మా. గాయం మాన్పమని పక్కవాటికి కబురు పెట్టేదీ అవేనంట. అన్నీ ఏరేస్తే నా కుట్లు మానడం కష్టమయ్యేది. చెడగొట్టేవాటినే ఏరే మందుల కోసం చానామంది వెతుకుతున్నారు."

"కుట్లు మానినయ్యా మేడం?"

ప్రేమలత సుద్దముక్క ఎడమచేతిలోకి మార్చుకుంది. మునివేళ్ల మీద లేచి, బోర్డు పైమూల మెల్లగా తారీఖు వేసింది.