డాక్టరు గారి సీటు మీద నేనాడిన బేరం

మా బేస్‌బాల్ జట్టు బంతి విసిరే తన పెద్ద పిచర్‌ని అమ్మేయబోతోందన్న పుకారు వచ్చిన ఆదివారం, డెట్రాయిట్ శివారు ట్రాయ్‌లోని డాక్టరు గారింట్లో ముగ్గురం కూర్చుని ఉన్నాం. డాక్టరు గారు యాభై ఏళ్ళ క్రితం డెట్రాయిట్‌కి వచ్చి, ఆసుపత్రి డ్యూటీల మధ్య రేడియోలో ఈ ఆట నేర్చుకున్న మనిషి. మూడో ఆయన నాతో పాటు కార్ల కంపెనీలో పనిచేసే వరంగల్ మిత్రుడు, వీసా మీద ఉన్నాడు. నేను తెనాలి బట్టల బజారులో పెరిగినవాణ్ణి. మా నాన్నదొక కొట్టు, మేనమామది ఎదురు కొట్టు. ఏ వస్తువునైనా ఎప్పుడు అమ్మాలో నాకు పుట్టుకతోనే తెలుసన్న భ్రమ నాది.

"ఈ మూడేళ్ళలో బంతి విసరడం వచ్చినవాడు వాడొక్కడే. వాణ్ణి కూడా ఇచ్చేసి ఏం చేసుకుంటారయ్యా?" అన్నారు డాక్టరు గారు.

"సీజన్ అయ్యాక వాడి కాంట్రాక్ట్ అయిపోతుందండీ. అప్పుడు ఉత్తినే పోతాడు. గిరాకీ ఉన్నప్పుడే వదిలించుకోవాలి. బదులుగా ముగ్గురు కుర్రాళ్ళొస్తారు."

"అన్న చెప్పింది కరెక్టే సార్. పండుగ ఎల్లినంక పట్టుచీర ఎవరు కొంటరు?" అన్నాడు వరంగల్ మిత్రుడు.

"ఆ కుర్రాళ్ళు ఎప్పటికి ఆడతారు?"

"ఓ నాలుగేళ్ళు పట్టచ్చు. రీబిల్డింగ్ అంటే జట్టుని మళ్ళీ మొదట్నుంచి కట్టుకోవడం, ఆగాలి కదండీ."

"నాకు ఎనభై ఒకటి. నాలుగేళ్ళ ప్లాన్ నాకెందుకు చెబుతున్నావు?"

మిత్రుడే మాట మార్చాడు. "మా డిపార్ట్‌మెంట్ల కూడా రీబిల్డింగే అంటున్నరు సార్. ఫస్టు నన్నే పీకుతరేమో."

రెండ్రోజులకి నిజంగానే అమ్మేశారు. ముగ్గురు కుర్రాళ్ళొచ్చారు. నేను మా ముగ్గురి వాట్సాప్ గ్రూపులో గొప్పగా రాశాను, చూశారా, ఇదీ బేరమంటే అని. డాక్టరు గారు ఒకే ముక్క పెట్టారు: "సంతోషించావుగా." నా సంతోషం పది రోజులుంది. పదకొండో రోజున జట్టు క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది. కొత్త శకంలో మీరూ భాగస్వాములు కండి, వచ్చే ఏడాదికి మీ సీట్లు రెన్యూ చేసుకోండి, రేటు కొద్దిగా పెరిగింది అని.

ఆ "కొద్దిగా" చూశాక నాకు ఒళ్ళు మండిపోయింది. ఉన్న ఒక్క మంచి సరుకూ అమ్మేసి, ఖాళీ అరలు చూడ్డానికి ఎక్కువ డబ్బు కట్టమంటాడా? కొట్టులో సరుకు లేనప్పుడు మా నాన్న లైట్లయినా సగం ఆర్పేవాడు. జట్టు ఓనరు ముఖం నేను టీవీలోనే చూశాను. సహనం కావాలి అంటాడు ప్రతి ఏడూ, ఆ సహనమేదో మనం తెచ్చివ్వాలన్నట్టు. అతగాడి తరఫున డాక్టరు గారితో వాదించింది నేనే కదా అన్నది ఇంకా మండించింది.

ఆ సీట్ల సంగతి చెప్పాలి. సీజన్‌లో ఇక్కడాడే ప్రతి ఆటకీ కలిపి కొనే రెండు సీట్లు, పదకొండేళ్ళుగా నా పేరు మీదున్నాయి. ఒకటి నాది, ఒకటి డాక్టరు గారిది. గేటు దాటి లోపలికి నడిస్తే ఒక్క మెట్టు కూడా దిగకుండా కూర్చోగలిగిన వరస అదొక్కటే. మోకాళ్ళు రెండూ మార్పించుకున్నాక ఆయన మెట్లు దిగలేరు. వీల్‌చెయిర్ వాళ్ళుండే చోటుకి రమ్మంటే, "నేను నడుస్తున్నానయ్యా, కనపడట్లేదా?" అని విసుక్కుంటారు.

నేను టికెట్ల ఆఫీసుకి ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎత్తింది, తేనెలో ముంచిన గొంతు. జట్టు గురించి నాకున్న అభిప్రాయమంతా చెప్పి, చివర్లో "ఈ రేటుకైతే మాకొద్దు" అన్నాను.

అది వద్దనడం కాదు. మా బజారులో ఆ మాట అని చెప్పులేసుకుని నడవాలి. వెనక్కి చూడకూడదు. కరెంటు స్తంభం దాకా వెళ్ళేలోపు మా నాన్న, "అమ్మా, ఇటు రండమ్మా, మీ మాటే కానివ్వండి" అని పిలిచి తీరేవాడు. పిలవకపోతే ఎదురుకొట్టు మేనమామ పిలిచేవాడు. ఎన్ని అడుగులకి పిలవాలో, ఎన్ని అడుగులు మెల్లగా నడవాలో రెండు వైపుల వాళ్ళకీ తెలుసు.

ఆ అమ్మాయి, "అర్థమైంది సర్, ఇన్నేళ్ళు మాతో ఉన్నందుకు థాంక్స్" అని పెట్టేసింది.

పిలుస్తారని ఎదురుచూశాను. నాలుగు రోజులు మీటింగుల్లో కూడా ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. నేనే ముందు చేస్తే బేరం పోతుంది కదా. ఐదో రోజున ఆగలేక చేస్తే, ఆ సీట్లు నేను వద్దన్న రోజే వేరేవాళ్ళకి వెళ్ళిపోయాయంది. మెట్లు లేని వరస కదా, దానికి మాత్రం ఎప్పుడూ క్యూ ఉంటుందట. పై అంతస్తులో ఎన్ని కావాలన్నా ఉన్నాయట. నేను అరిచాను. ఆ అమ్మాయి మర్యాదగా వింది. అంత మర్యాదగా వినేవాళ్ళతో పోట్లాడటం నాకు ఎవరూ నేర్పలేదు.

ఆ సాయంత్రమే డాక్టరు గారింటికి వెళ్ళాను. క్లబ్బువాళ్ళే లాగేసుకున్నారని చెబుదామా అనుకున్నాను దారిలో. ఆయన ఎదురుగా కూర్చున్నాక అబద్ధానికి నోరు రాక, ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన టీవీ ఆపేశారు.

"నన్నడిగావా?"

"రేటు తగ్గిద్దామని..."

"రేటు నేనిచ్చేవాణ్ణి. అడిగావా అంటున్నాను."

"లేదండీ."

"ఎవణ్ణి ఎప్పుడు ఇచ్చేయాలో, ఎవరు ఎన్నేళ్ళు ఆగాలో అన్నీ నీకే తెలుసు. వాళ్ళూ అంతే, నువ్వూ అంతే." ఆయన రిమోట్ పక్కన పడేశారు. "ఈ సీజన్‌కి ఇంకా మనవేగా? ఎన్ని గేములున్నాయి ఇక్కడ?"

"పద్నాలుగండీ."

"అన్నిటికీ తీసుకెళ్ళు. ఓడిపోతారని మానేస్తే ఊరుకోను."

తీసుకెళ్ళాను. ఆయన పెన్సిల్‌తో స్కోరు రాసుకునేవారు, నేను పల్లీలు ఒలిచి మధ్యలో పెట్టేవాణ్ణి, ఆయన ముట్టుకునేవారు కాదు. జట్టు ఓడిపోతూనే ఉంది. ప్రతి ఓటమికీ నాకు ఓనరు మీద కొత్తగా కోపమొచ్చేది, దాన్ని పక్కాయనతో పంచుకునే హక్కు మాత్రం పోయింది.

సెప్టెంబరు చివర్లో, ఎవరూ అనుకోనంత ముందుగా, బేరంలో వచ్చిన ఆ ముగ్గురిలో ఒక పిల్లవాణ్ణి బంతి విసరడానికి దించారు. మొదటి ఇన్నింగ్స్‌లోనే ముగ్గురిని వరసగా అవుట్ చేశాడు. నాకు తెలియకుండానే లేచి చప్పట్లు కొట్టాను. కొట్టాక భయమేసి కూర్చున్నాను.

డాక్టరు గారు స్కోరు కాగితంలో మూడు గళ్ళూ నింపుకున్నారు. పెన్సిల్ మొన చూసుకున్నారు.

"బాగున్నాడు," అన్నారు, మైదానం మీంచి చూపు తిప్పకుండానే. "ఆ నాలుగేళ్ళయ్యాక నువ్వు చూస్తావులే."