క్లచ్ లేని బండి

మా నర్సరీ మొక్కలన్నీ ఏళ్ల తరబడి మా ఆయనే పాత డీజిల్ బండిలో చేరవేసేవారు. నిడదవోలు, సామర్లకోట, ఒక్కోసారి తుని దాకా. కిందటేడు ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమచేయి కొన్నాళ్లకు కుదుటపడింది. ఎడమకాలు మాత్రం ఈడుస్తూనే నడిచేవారు. బండి షెడ్డులో ఉండిపోయింది. రోజూ పొద్దున్నే వెళ్లి సీట్లో కూర్చుని క్లచ్ తొక్కి చూసేవారు. అది సగం కూడా దిగేది కాదు. నేను కవర్లలో మట్టి నింపుతూ చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని.

బ్యాటరీతో నడిచే చిన్న ట్రక్కు సంగతి ఆయనే ఫోనులో చూసి చెప్పారు.

"దీనికి క్లచ్ లేదంట, గేర్లూ లేవంట. కుడికాలు ఒక్కటీ ఉంటే చాలు."

జబ్బు చేశాక ఆ గొంతులో ఉత్సాహం వినడం అదే మొదలు. నాకు భయమేసింది. కాదనడానికి మనసు రాలేదు.

రాజమండ్రి షోరూముకు ఆటోలో వెళ్లాం. బండికి హంగులేం లేవు. చేత్తో తిప్పుకునే అద్దాలు, రెక్సిన్ సీటు. రేడియో కూడా లేదు. "మొక్కలు మొయ్యడానికి పాటలెందుకులెండి" అని ఆయన సేల్స్ అతనితో నవ్వారు. వెనక బాడీ పొడవు జానలతో కొలిచారు. వానలో చార్జింగ్ పెట్టొచ్చా, కరెంటు పోతే ఏంటి సంగతి అని అన్నీ అడిగారు.

"సామర్లకోట హాయిగా వెళ్లి రావొచ్చండి. తుని అంటే మాత్రం దారిలో చార్జింగ్ పెట్టుకోవాలండి" అన్నాడతను.

షోరూము వెనక ఖాళీ స్థలంలో నడిపి చూడమన్నాడు. బండి చప్పుడు లేకుండా కదిలింది. మొదటి చుట్టు చక్కగా తిరిగారు. రెండో చుట్టులో ఎడమపక్క గోడ దగ్గరున్న సిమెంటు కుండీని గుద్ది పడగొట్టారు. "సార్, సార్!" అని సేల్స్ అతను పరిగెత్తాడు.

ఆయన దిగి, చుట్టూ తిరిగొచ్చి కుండీని చూశారు.

"ఇదెక్కణ్ణుంచి వచ్చింది?"

బండి ఎక్కబోయే ముందు ఆ కుండీని పట్టుకునే ఆయన చెప్పులు సరిచేసుకున్నారు.

"మీకు కనబడలేదా?" అన్నాను.

"లేదే." వంగి కుండీ అంచు తడిమారు. "కంచంలో ఎప్పుడూ ఎడంపక్క అన్నమే వదిలేస్తున్నానని మొన్న నువ్వన్నావు కదా" అన్నారు నెమ్మదిగా.



తర్వాత కాకినాడలో డాక్టరు గారు తేల్చేశారు. "కాలు ఒక్కటే కాదమ్మా. ఎడమవైపు ఏముందో ఆయన మెదడుకు తెలియడం లేదు. డ్రైవింగ్ ఇంక వద్దు."

అయినా బండి కొన్నాం. కొనమన్నది ఆయనే. "నువ్వు నేర్చుకో, గేర్లు లేవుగా" అన్నారు, నా వంక చూడకుండా. కాలవగట్టు మీద నేర్చుకున్నాను. మొదటి లోడు ద్రాక్షారామానికి, మందారాలూ నందివర్ధనాలూ. మీరూ రండి, పక్కన కూర్చుందురు గానీ అన్నాను.

"నేనొచ్చి ఏం చూస్తాను? నువ్వెళ్లు."

ఇప్పుడు మొక్కలు ఎక్కించడం ఆయనే దగ్గరుండి చేయిస్తారు. ఇక చాలంటారు, చేతులు దులుపుకుంటారు. బాడీలో ఆయనకు ఎడంపక్కనున్న జాగా ఖాళీగానే ఉంటుంది. కూలీలు నా వంక చూస్తారు. నేను వెళ్లి స్టీరింగు ముందు కూర్చుంటాను. ఊరు దాటాక బండి పక్కకు ఆపి, మొక్కలు రెండువైపులా సర్ది, మళ్లీ బయల్దేరతాను.